బాబాయిగారి మూడు సెట్ల ఫ్లాపీలు

బాబాయిగారు పోయారని కబురొచ్చిన రోజే మా ఆఫీసులో పక్క సీటు మిశ్రాజీ కంప్యూటరు బిగుసుకుపోయింది. మౌసు కదలదు, మీట నొక్కితే పలకదు. నేను వెళ్ళి వెనక స్విచ్చి ఆపాను. ఆయన వెంటనే ఆన్ చెయ్యబోతే "రుకియే, రుకియే" అని చెయ్యి అడ్డం పెట్టి, కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతూ నిలబడ్డాను. తరవాత స్విచ్చి వేస్తే బుద్ధిగా లేచి కూర్చుంది.

"మేడమ్, మంతర్ పఢ్ కే చలాతీ హైఁ క్యా?" మంత్రం చదివి నడుపుతారా అని నవ్వారు మిశ్రాజీ.

నవ్వబోయాను. నవ్వు రాలేదు. ఏడుపొచ్చింది.

ఆ శ్లోకం బాబాయిగారిది. మిషను ఆపాక వెంటనే వెయ్యకూడదు, లోపల తిరిగేవి ఆగాలి, మిగిలిన కరెంటు దిగాలి. పుస్తకాల్లో అయితే కొన్ని అంకెలు లెక్కపెట్టమంటారు. ఆయన ఒప్పుకోరు. "అంకెలు లెక్కెడితే మనకి తొందర పుట్టీస్తదమ్మా. శ్లోకమైతే సగంలో ఆపీలేం గదా, పాపం" అనేవారు. నేను నాస్తికురాలిననుకునే రోజుల్లో కూడా కంప్యూటరు ముందు ఆ శ్లోకం చదివాను. ఇప్పుడు నాకు అలవాటైపోయింది, మానాలన్నా మానలేను.

ఆయన నాకు సొంత బాబాయి కాదు. రాయపూర్ రైల్వే కాలనీలో మా నాన్నకి తెలిసినాయన, విజయనగరం వైపు వాళ్ళు. ఊరి శివార్లలో ఉర్లాలో ఇనప కడ్డీలు తీసే మిల్లులో లెక్కల ఆఫీసుకి పెద్ద. నేను బీకాం అయి, శంకర్ నగర్‌లో ఒక సెంటర్లో ఆర్నెల్లు కంప్యూటరు నేర్చుకుని, ఆ తరవాత ఇంట్లో ఈగలు తోలుకుంటూ ఉంటే ఆయనే ఆ మిల్లులో ఆపరేటరుగా వేయించారు. మొదటి రోజు తనే స్కూటరు మీద తీసుకెళ్ళారు. దారి పొడుగునా మిల్లు యజమాని దగ్గర ఎలా ఉండాలో ఒకటే పాఠం. "సేఠ్‌జీ ముందర 'నాకు రాదు' అనకు. 'చూస్తాను' అను. రానిది చూస్తే వచ్చీస్తది."

ఆయన చొక్కా జేబులో పెన్ను పక్కన ఎప్పుడూ ఒక పెన్సిలు రబ్బరు ఉండేది. బళ్ళో పిల్లలు వాడేదే. కంప్యూటరు కుయ్యి కుయ్యిమని అరిచి తెర నల్లగా ఉండిపోతే అందరూ గుండెలు పట్టుకునేవాళ్ళు. ఆయన మాత్రం పక్క మూత విప్పి, ముందు ఇనప డబ్బాని ఒకసారి ముట్టుకునేవారు. ఒంట్లో కరెంటేమైనా ఉంటే అందులోకి దిగిపోవాలట. ముట్టుకున్న చేతిని అలవాటుకొద్దీ కళ్ళకద్దుకునేవారు. ఆ తరవాత ర్యామ్ కార్డు ఊడదీసి, అంచున బంగారు రంగు పళ్ళలా ఉండే వాటిని రబ్బరుతో తుడిచి, మళ్ళీ టక్కుమనేలా నొక్కేవారు. చాలాసార్లు అంతటితో సరి. "ఉర్లా దుమ్మమ్మా ఇది. మన ఊపిరితిత్తుల్లోకే ఎల్లిపోతంది, దీన్నొదులుతుందేటి?" అనేవారు.

ఎవరి కంప్యూటరు నడవకపోయినా ఆయన మొదటి ప్రశ్న ఒకటే: "ప్లగ్గు చూసావా?" ప్లగ్గు చూసుకోకుండా వచ్చినవాళ్ళని అక్కణ్ణించే వెనక్కి పంపేవారు. "ముందు ప్లగ్గు చూడు, తరవాత దేముడికి మొక్కు." బయటినుంచి ఫ్లాపీ తెస్తే వైరస్ ఉందేమో చూడకుండా పెట్టనిచ్చేవారు కాదు. కాళ్ళు కడుక్కోకుండా ఇంట్లోకి రానిస్తామా అనేవారు. చెప్పులు సరేసరి, గది బయటే.

ఇంతా చేసి ఆయనకి కంప్యూటరంటే లోపల్లోపల భయం. ఆ భయం కన్నా, భయపడుతున్నట్టు ఎవరికైనా తెలుస్తుందేమోనన్న సిగ్గు ఎక్కువ. ముప్ఫై ఏళ్ళు చేత్తో లెక్కలు రాసి, ఒక్క కొట్టివేత లేని మనిషని పేరు. కాలనీలో తెలుగు సంఘానికి ఆయనే కార్యదర్శి. పండగ చందాల దగ్గర్నించి పెళ్ళి ముహూర్తాల దాకా ఆయన్నడగందే కదలరు. అలాంటి మనిషి గుమాస్తాల ముందు "ఇది నాకు రావటం లేదు" అని ఎలా అంటారు?

అందుకని మా ఇద్దరికీ ఒక ఏర్పాటు. ఆఫీసులో మిగతావాళ్ళందరూ హిందీవాళ్ళు, ఛత్తీస్‌గఢీవాళ్ళు. తెలుగొచ్చినవాళ్ళం మేమిద్దరమే. ఆయన మిషను మొండికేస్తే లోపల్నించి గొంతెత్తి "అమ్మాయ్, పాలు పొంగిపోయాయే!" అనేవారు. నేనేదో కాగితం పట్టుకుని తాపీగా వెళ్ళి, ఆయన వెనక నిలబడి, చెవిలో మీట పేరు చెప్పేదాన్ని. ఆయన నొక్కేవారు. పని జరిగేది. "క్యా హువా బాబూజీ?" అని ఎవరైనా అడిగితే "కుఛ్ నహీఁ, ఘర్ కీ బాత్ హై" అనేవారు. పాపం వాళ్ళు, ఈ తెలుగువాళ్ళింట్లో రోజూ ఇన్ని పాలు పొంగుతాయేమిటని అనుకుని ఉంటారు.

ఆ భయంలోంచే ఆయనకొక గొప్ప పద్ధతి పుట్టింది. ప్రతి శనివారం మిల్లు లెక్కలన్నీ ఫ్లాపీల్లోకి ఎక్కించాలి. ఒక సెట్టు కాదు, మూడు. ఒకటి నా సొరుగులో, ఒకటి ఆఫీసు బీరువాలో, మూడోది ఆయనింట్లో దేవుడి గదిలో. "మూడు చోట్ల లేనిది ఒక్కచోటా లేనట్టే" అనేవారు. "ఇల్లు కాలితే ఆఫీసుంటది. ఆఫీసు కాలితే ఇల్లుంటది." నాకు విసుగొచ్చేది. మా సెంటరు మాస్టారు కూడా ఇంత జాగ్రత్త చెప్పలేదు. ఇప్పుడు నా ఆఫీసులో నేనూ అదే పద్ధతి పెట్టాను. అంత మంచి పద్ధతి నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

నేను చేరిన ఏడాదే విశ్వకర్మ పూజ వచ్చింది. ఉర్లాలో ఆ రోజు పండగ. మిల్లు ఆపేస్తారు. యంత్రాలు కడిగి, బొట్లు పెట్టి, దండలు వేస్తారు. ఎవరి పనిముట్లు వాళ్ళు తెచ్చి షెడ్డులో విశ్వకర్మ పటం ముందు పెట్టాలి. ఫిట్టరు సుత్తి, వెల్డరు టార్చి, కాటా దగ్గరుండేవాడు తూకం రాళ్ళు. పొద్దున్నే బాబాయిగారు పట్టు పంచెలో వచ్చి నా ముందు చెయ్యి చాపారు.

"ఫ్లాపీలియ్యమ్మా."

"ఎందుకు బాబాయిగారూ?"

"ఎందుకేటి? ఆడి సుత్తి ఆడెట్టుకుంటాడు. మన పనిముట్లు ఇవే గదా. ఆ డబ్బాకి బొట్టెట్టీసాం, బానే ఉంది. కానీ ప్రాణమంతా వీటిల్లో ఉంది. ఇవేం పాపం చేసాయి?"

సొరుగులోవి ఇచ్చాను. బీరువాలోవి ఆయనే తీశారు. దేవుడి గదిలోవి అప్పటికే సంచిలో ఉన్నాయి. "మీ పిన్ని తన చేత్తో తీసిచ్చింది, బొట్టెట్టి మరీ" అన్నారు. మూడు సెట్లూ ఒకే ప్లాస్టిక్ డబ్బాలో సర్ది, పైన ఒక మందార పువ్వు పెట్టి తీసుకెళ్ళారు. పూజ షెడ్డులో ఎక్కడ జరుగుతుందో నాకు తెలియదు. నేను ఆఫీసు వరండాలో బూందీ పొట్లాలు కడుతూ కూచున్నాను. పూజయ్యాక ఏ చోటి సెట్టు ఆ చోటికి చేరింది.

వారం తిరక్కుండా, ఇంకా శనివారం రాకముందే, ఒక పొద్దున్న మా కంప్యూటరు టక్ టక్ టక్‌మని గోడ గడియారంలా కొట్టుకోవటం మొదలుపెట్టింది. తెర మీద ఏమీ రాదు. బాబాయిగారు ప్లగ్గు చూశారు. శ్లోకం చదివారు. రబ్బరు తీశారు. ఊహుఁ. హార్డ్ డిస్క్ పోయింది. సేఠ్‌జీ పరుగెత్తుకొచ్చారు. ఏ ఊరి వ్యాపారికి ఎంత కడ్డీ వెళ్ళిందో, ఎవరి దగ్గర్నించి ఏం రావాలో అంతా అందులోనే ఉంది. బాబాయిగారు ఏమాత్రం తొణకలేదు. నిజం చెప్పొద్దూ, ఆయన మొహంలో కాస్త సంతోషం కూడా కనిపించింది. "ఘబరాయియే మత్ సేఠ్‌జీ. తీన్ తీన్ సెట్ హైఁ" అని ఛాతీ మీద చెయ్యేసుకుని ధైర్యం చెప్పారు.

రిపేరు ఇంజినీరుని పిలిపించి కొత్త డిస్క్ వేయించారు. మొదటి ఫ్లాపీ పెట్టాను. ఇది ఖాళీది, ఫార్మాట్ చెయ్యమంటావా అంది మిషను. రెండోది. అదే మాట. బీరువాలో సెట్టు. అదే. ఇంటికి మనిషిని పంపి దేవుడి గదిలో సెట్టు తెప్పించారు. అదీ అంతే. అన్నీ కడిగిన పలకల్లా ఉన్నాయి.

ఇంజినీరు ఫ్లాపీని ఇటూ అటూ తిప్పి చూసి అడిగాడు. "కిసీ మ్యాగ్నెట్ కే పాస్ రఖా థా క్యా?" టేపు రికార్డరు క్యాసెట్టుకీ దీనికీ తేడా లేదట. లోపల రాసేదంతా అయస్కాంతంతోనే. పెద్ద అయస్కాంతం దగ్గర పెడితే మొత్తం తుడిచిపెట్టుకుపోతుందట. ఈ ముక్క నేను సెంటర్లో చదువుకున్నదే.

మా మిల్లులో తుక్కు ఎత్తే క్రేనుకి ఎడ్లబండి చక్రమంత అయస్కాంతం వేలాడుతూ ఉంటుంది. కరెంటు ఇస్తే గుట్టెడు ఇనుముని కరుచుకుని లేస్తుంది. మిల్లు మొత్తానికి అదే పెద్ద యంత్రం. పటం పెడితే దాని ముందే పెడతారు. నాకు ఒక్కసారిగా వెలిగింది. తలెత్తి బాబాయిగారి వంక చూశాను.

ఆయన ఫ్యాను వంక చూస్తున్నారు.

"తుమ్ రఖతీ థీ న? కహాఁ రఖా థా?" ఎక్కడ పెట్టావని సేఠ్‌జీ నా మీదికి తిరిగారు. ఇప్పుడు చెప్తారు, ఇప్పుడు చెప్తారు అని ఎదురు చూస్తున్నాను. ఆయన గొంతు ఒకసారి కదిలింది కూడా. ఇంత పెద్దాయన ఎదురుగా ఉండగా నేను వేలెత్తి చూపించటమేమిటి, ఆయన నోటితోనే అంటారులే అనుకున్నాను. ఆయన అనలేదు. జేబులోంచి చేతిరుమాలు తీసి మెడ తుడుచుకున్నారు.

"కల్ సే మత్ ఆనా" అన్నారు సేఠ్‌జీ.

ఇంటికొచ్చి, పొరపాటున లెక్కలు పోయాయట, నన్ను రావద్దన్నారని మాత్రం చెప్పాను. నాన్న పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. అమ్మ మాత్రం వంటింట్లోంచి అందుకుంది. "ఆయన మొహం చూసి గదే నీకు ఉద్యోగమిచ్చారు! ఇప్పుడు నీ వల్ల ఆయన తలెత్తుకుని తిరగ్గలరా?" నేను నోరు విప్పితే ఒక్క మాటతో తేలిపోయేది. విప్పలేదు. కాలనీలో ఆయన పరువు నా చేతుల్లో ఉన్నట్టనిపించింది.

మర్నాడు సాయంత్రం ఆయనే వచ్చారు. నా గుండె తేలికపడింది. చెప్పటానికే వచ్చారనుకున్నాను. టీ ఇచ్చాను. నాన్న బీపీ గురించి మాట్లాడారు. టీవీ యాంటెన్నా ఏ దిక్కుకి తిప్పితే బొమ్మ బాగా వస్తుందో చెప్పారు. ధర్సీవా సంతలో వంకాయలు చవగ్గా ఉన్నాయన్నారు. అమ్మ "మా పిల్ల వల్ల మీకు మాటొచ్చింది అన్నయ్యగారూ" అని కళ్ళొత్తుకుంది. నేను తలుపు రెక్క పట్టుకుని నిలబడ్డాను. ఆయన ఖాళీ టీ కప్పుని ఇంకోసారి తాగారు.

"పోనీలెండి, చిన్నపిల్ల" అన్నారు.

గేటు దాకా వెళ్ళాను. చెప్పులు తొడుక్కోవటానికి వంగి, లేవరే! పట్టీతో ఏదో తంటాలు పడుతున్నట్టు చాలాసేపు అలాగే ఉన్నారు. నాకు ఆయన బట్టతల, దాని మీద చెమట కనిపిస్తున్నాయి. "బాబాయిగారూ" అన్నాను. లేచి, నా వంక చూడకుండా, "తలుపేసుకోమ్మా, దోమలొచ్చీస్తాయి" అని వెళ్ళిపోయారు. కోపం కాదు నాకొచ్చింది. ఒళ్ళంతా సిగ్గు. పెద్దవాళ్ళని చూడకూడని స్థితిలో చూసినట్టుంది.

ఆ మర్నాడు మధ్యాహ్నం మిల్లు చప్రాసీ సైకిలేసుకుని వచ్చాడు, సేఠ్‌జీ వెంటనే రమ్మన్నారని. వెళ్ళేసరికి ఆఫీసంతా పగలబడి నవ్వుతున్నారు. మధ్యలో క్రేను నడిపేవాడు చేతులు పైకెత్తి చూపిస్తున్నాడు: "డబ్బా హ త ఉడ్ గే రహిస్ సేఠ్! ఫూల్ సమేత్!" పూజ అయ్యాక శకునానికి ఒక ఇనప ముక్కని ఎత్తాలి గదా, కరెంటు ఇవ్వగానే ముక్కతోపాటు, ఫ్లాపీలకుండే ఇనప రేకుల వల్ల, బాబూజీ డబ్బా కూడా పువ్వుతో సహా ఎగిరి అయస్కాంతానికి అంటుకుందట. బాబూజీ చప్పట్లు కొట్టి, విశ్వకర్మ తన చేత్తో అందుకున్నాడని దణ్ణం పెట్టుకున్నారట!

ఆ పొద్దున్నే బాబాయిగారు సేఠ్‌జీ గదిలోకి వెళ్ళి అంతా చెప్పేశారు. రాజీనామా ఇస్తానన్నారట. సేఠ్‌జీ కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వారట. నా ముందూ నవ్వుతూనే అన్నారు: "అరే బేటీ, న తేరీ గల్తీ, న ఇన్‌కీ. పూజా మేఁ జో గయా, సో భగవాన్ కా!" నీ తప్పూ కాదు, ఈయన తప్పూ కాదు, పూజలో పోయింది దేవుడిదేనట. ఎవరికీ ఏ కోపమూ లేదు. ఇంత చిన్నదానికా ఆయన నోరు మూసుకున్నది! బాబాయిగారు కూడా మూల కుర్చీలో కూర్చుని, అందరితోపాటు నవ్వుతున్నట్టు పళ్ళు కనబరిచారు. నా వైపు తిరగలేదు.

పాత కాగితాలన్నీ దించి, మళ్ళీ మొదట్నించీ ఎక్కించాలి. ఆయన చదివేవారు, నేను కొట్టేదాన్ని. ఎన్ని వారాలు పట్టిందో! ఆ వారాల్లో ఆయన ఒక్కరోజు కూడా ఆ సంగతి ఎత్తలేదు. పాలూ పొంగలేదు. మిషను ఆగిపోతే ఆగిపోయినట్టే కూచునేవారు గానీ నన్ను పిలిచేవారు కాదు. కానీ పొద్దున్నే నేను వచ్చేసరికి నా కంప్యూటరు మీద కప్పే గుడ్డ తీసి మడతపెట్టి ఉండేది. ఒకరోజు బస్సు తొందరగా దొరికి ముందే వచ్చాను. ఆయన నా కుర్చీ పక్కన నేల మీద కూచుని, నా మౌసు బోర్లించి, అడుగున మూత తిప్పి బంతి తీసి, లోపలి చక్రాలకి పట్టిన మురికిని స్పిరిట్ గుడ్డతో తుడుస్తున్నారు. లెక్కల ఆఫీసుకి పెద్ద, నేల మీద!

"అదేమిటి బాబాయిగారూ, లేవండి!"

"దుమ్మమ్మా. జారడం లేదంటావు గదా" అన్నారు, తలెత్తకుండా.

నేను వెనక్కి నడిచి వరండాలో నిలబడ్డాను. లోపలికి వెళ్ళటానికి మొహం చెల్లలేదు. తరవాత నేను ఎప్పుడూ తొందరగా వెళ్ళలేదు, మౌసు ఎప్పుడూ జారకుండా ఉండలేదు. ఒక్క మాట, "నా వల్ల నీకు కష్టమొచ్చిందమ్మా" అని ఒక్క మాట అనుంటే ఇద్దరికీ విడుదలై ఉండేది. ఆయన నోరు పెగల్లేదు. రిటైరయ్యేదాకా నా మౌసు తుడిచారు.

ఆయన పోయిన పదో రోజున వాళ్ళింటికి వెళ్ళాను. హాలు నిండా కాలనీ జనం, అంతా తెలుగే. ఆయన పెద్దమ్మాయి, భిలాయిలో ఉంటుంది, నన్ను చూడగానే లేచి వచ్చి చేతులు పట్టుకుంది. అందరికీ వినపడేట్టే అంది.

"నాన్న మీ గురించి ఎన్నిసార్లు చెప్పేవారో! మిల్లు లెక్కలన్నీ మీరు పోగొట్టేసినప్పుడు, ఆ తప్పు తన మీదేసుకుని మీ ఉద్యోగం నిలబెట్టారట గదా. రిజైన్ చేసేస్తానని కూడా అన్నారట సేఠ్‌తో. అలాంటి మనిషి మళ్ళీ పుడతాడాండీ?"

చాప మీద ఆడవాళ్ళందరూ తలలూపారు. "మాకు తెల్దేటమ్మా, అప్పుడే తెలుసు" అంది ఒకావిడ. ఇన్నేళ్ళూ గుళ్ళో కనిపించినప్పుడల్లా "ఉద్యోగం జాగర్తమ్మా, జాగర్తగా చేసుకో" అని ఆవిడ నన్నెందుకు దీవించేదో ఇప్పుడర్థమైంది. నా చెవులు కాలిపోయాయి. ఉర్లాలో, హిందీవాళ్ళ ముందు, ఆయన తప్పు ఒప్పుకోగలిగారు. వాళ్ళు నవ్వి వదిలేశారు. ఇక్కడ, మన భాషలో, మనవాళ్ళ ముందు ఒప్పుకోలేకపోయారు. ఇంట్లో పిల్లలకి కూడా చెప్పుకోలేక, అదే కథని తిరగేసి చెప్పుకున్నారు.

నోటి దాకా వచ్చింది. ఎందుకు రాదు? నేనేం దేవతనా? "కాదమ్మా" అనటానికి ఊపిరి పీల్చుకున్నాను కూడా.

అప్పుడే పిన్నిగారు కాఫీ గ్లాసుల పళ్ళెంతో వంటింటి గుమ్మంలోకి వచ్చారు. కూతురి మాట విన్నారు. అక్కడే ఆగిపోయారు. ఫ్లాపీలకి బొట్టు పెట్టి తన చేత్తో తీసిచ్చినావిడకి తెలియదనుకోవటానికి లేదు. ఆవిడ నా వంక చూసిన చూపులో చెప్పవద్దనీ లేదు, చెప్పమనీ లేదు. పళ్ళెంలో గ్లాసులు మాత్రం ఒకదానికొకటి తగిలి గలగలమంటున్నాయి.

"అవునమ్మా" అన్నాను. "తప్పు నాదే. మీ నాన్నగారే కాపాడారు."

"పోనీలే తల్లీ, చిన్నతనంలో ఎవరు చెయ్యరు?" అని పక్కనున్నావిడ నా వీపు నిమిరింది. నేను తల దించుకున్నాను. నిజంగా తప్పు చేసినదానిలాగే దించుకున్నాను. మళ్ళీ ఎత్తి చూసేసరికి గుమ్మంలో పిన్నిగారు లేరు. కాఫీలు వేరెవరో తెచ్చారు. నేను వెళ్ళొస్తానని ఎన్నిసార్లు చెప్పినా, ఆవిడ బయటికి రాలేదు.